ఎలక్ట్రాన్ బదిలీ, ప్రోటాన్ బదిలీ: ఒకే లెక్క, రెండు నడకలు

ఇంటర్మీడియట్ రసాయనశాస్త్ర ప్రయోగశాలలో విద్యార్థులు చేసే అంశమాపనాల్లో, అంటే గాఢత తెలిసిన ద్రావణాన్ని బ్యూరెట్ నుంచి చుక్కచుక్కగా వదులుతూ మరో ద్రావణం గాఢతను లెక్కగట్టే ప్రయోగాల్లో, రెండింటిని పక్కపక్కన పెట్టి చూస్తే ఈ శాస్త్రంలోని ఒక మౌలికమైన తేడా కంటికే కనిపిస్తుంది. మొదటిది ఆగ్జాలిక్ ఆమ్లాన్ని సోడియం హైడ్రాక్సైడుతో తటస్థీకరించడం. ఇందులో క్షారపు చుక్క పడినచోట ఫినాఫ్తలీన్ సూచిక గులాబీ రంగు తేలి, కుప్పెను ఒకసారి కదపగానే మాయమవుతుంది. చర్యకు రెండు ద్రావణాలు కలియడానికి పట్టే సమయం తప్ప వేరే జాప్యం ఉండదు. రెండవది అదే ఆగ్జాలిక్ ఆమ్లాన్ని సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపి పొటాషియం పర్మాంగనేటుతో ఆక్సీకరించడం. ఇక్కడ ద్రావణాన్ని 60 నుంచి 70 డిగ్రీల సెల్సియస్ వరకు వేడి చేయవలసి ఉంటుంది. వేడి చేసినా మొదటి చుక్కల ఊదా రంగు కొంతసేపు అలాగే నిలిచి తర్వాత మెల్లగా విరుగుతుంది, ఆపైన పడే చుక్కలు మాత్రం పడీపడగానే రంగు కోల్పోతాయి.

ఒకే ఆగ్జాలిక్ ఆమ్లం మొదటి ప్రయోగంలో ప్రోటాన్లను, రెండవ ప్రయోగంలో ఎలక్ట్రాన్లను ఇస్తుంది. శక్తి లెక్క ప్రకారం వేగంగా సాగవలసింది రెండవదే అనిపిస్తుంది. పర్మాంగనేటు క్షయకరణ పొటెన్షియల్ 1.51 ఓల్టులు, కార్బన్ డయాక్సైడు–ఆగ్జాలిక్ ఆమ్లం జంటది సుమారు రుణ 0.49 ఓల్టు, ఈ రెండింటి మధ్య ఉన్న 2 ఓల్టుల తేడా ఒక్కో మోల్ ఎలక్ట్రాన్లకు 190 కిలోజౌళ్లకు పైగా శక్తిని సూచిస్తుంది. తటస్థీకరణంలో ఒక్కో మోల్ ప్రోటాన్లకు దొరికేది 80 కిలోజౌళ్లకు మించదు. అయినా తక్కువ శక్తి గల చర్య కనురెప్ప పాటులో ముగుస్తుంటే, ఎక్కువ శక్తి గల చర్యను వేడి పెట్టి కదిలించవలసి వస్తోంది. ఈ వైరుధ్యానికి సమాధానం, కదిలే కణం ఎంత తొందరగా కదలగలదన్న దానిలో కాక, ఆ కణం కదలడానికి దాని పరిసరాలు ఎంతగా సర్దుకోవాలన్న దానిలో ఉంది.

చారిత్రకంగా రసాయనశాస్త్రం ఈ రెండు రకాల చర్యలను రెండు వేర్వేరు దారుల్లో తెలుసుకుంది. ఆక్సీకరణం అనే భావన 18వ శతాబ్దం చివర లావోయిజే కాలంలో ఆక్సిజన్‌తో కలయికకే పరిమితమై ఉండేది, 1897లో జె.జె. థామ్సన్ ఎలక్ట్రాన్‌ను గుర్తించిన తర్వాతి దశాబ్దాల్లో ఎలక్ట్రాన్‌ను కోల్పోవడం ఆక్సీకరణమని, పొందడం క్షయకరణమని స్థిరపడింది. ఆమ్లాల విషయంలో 1880లలో అర్హీనియస్, నీటిలో హైడ్రోజన్ అయాన్లను విడుదల చేసేది ఆమ్లమని, హైడ్రాక్సైడు అయాన్లను విడుదల చేసేది క్షారమని నిర్వచించగా, 1923లో డెన్మార్క్‌లో బ్రాన్‌స్టెడ్, ఇంగ్లండ్‌లో లౌరీ ఎవరికి వారుగా ఆలోచించి ప్రోటాన్‌ను ఇచ్చేది ఆమ్లమని, పుచ్చుకునేది క్షారమని ఆ నిర్వచనాన్ని విస్తరించారు. దీనితో రెండు రకాల చర్యలకూ ఒకే స్వరూపం వచ్చింది. ఇచ్చే పదార్థం, పుచ్చుకునే పదార్థం రెండూ ఉంటేనే చర్య జరుగుతుంది. ఇచ్చిన పదార్థం తిరిగి పుచ్చుకోగలదిగా మారి మొదటి దానితో సంయుగ్మ జంటగా నిలుస్తుంది.

పోలిక స్వరూపంతోనే ఆగదు, అంకెల్లోనూ ఉంది. 1909లో కోపెన్‌హాగెన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో సోరెన్‌సెన్ ప్రవేశపెట్టిన పీహెచ్ కొలమానం ప్రోటాన్లు ఎంత సులువుగా దొరుకుతాయో చెబితే, ఓల్టులలో కొలిచే పొటెన్షియల్ ఎలక్ట్రాన్లు ఎంత సులువుగా దొరుకుతాయో చెబుతుంది. 25 డిగ్రీల వద్ద పీహెచ్ ఒక ప్రమాణం మారడమంటే ఒక్కో మోల్ ప్రోటాన్లకు 5.7 కిలోజౌళ్ల తేడా. అదే తేడాను ఎలక్ట్రాన్ల వైపు నుంచి చెబితే 59 మిల్లీఓల్టులు. ఇంత దగ్గరి బంధువులను పాఠ్యపుస్తకాలు రెండు వేర్వేరు అధ్యాయాల్లో, ఒకదానితో ఒకటి ముఖాముఖి కలవకుండా ఉంచడం వల్ల విద్యార్థులకు జరుగుతున్న నష్టం చిన్నది కాదు. రెండింటినీ కలిపి చదివితేనే వాటి మధ్య గల అసలు తేడా బయటపడుతుంది.

ఆ తేడాకు మూలం ద్రవ్యరాశి. ప్రోటాన్ ఎలక్ట్రాన్ కంటే సుమారు 1836 రెట్లు బరువైనది. క్వాంటమ్ సిద్ధాంతం ప్రకారం ప్రతి కణానికీ తరంగ స్వభావం ఉంటుంది. ఒకే శక్తి గల రెండు కణాల్లో తేలికైనదాని తరంగదైర్ఘ్యం ద్రవ్యరాశి వర్గమూలం మేరకు ఎక్కువగా ఉంటుంది కాబట్టి, ఎలక్ట్రాన్ తరంగం ప్రోటాన్ తరంగం కంటే దాదాపు 43 రెట్లు పొడవైనది. ఎక్కి దాటడానికి చాలినంత శక్తి లేని అడ్డును తరంగ స్వభావం వల్ల కణం దాటిపోవడాన్ని టన్నెలింగ్ అంటారు; అది సాధ్యమయ్యే దూరం కూడా ఇదే నిష్పత్తిలో మారుతుంది. ప్రోటీన్లలో ఎలక్ట్రాన్ ఒక కేంద్రం నుంచి మరో కేంద్రానికి 14 ఆంగ్‌స్ట్రామ్‌ల వరకు ఒక్క అంగలో దాటగలదు. ఒక ఆంగ్‌స్ట్రామ్ అంటే మీటరులో వెయ్యి కోట్లవ వంతు. అదే ప్రోటాన్‌కు ఒక ఆంగ్‌స్ట్రామ్ దూరం కూడా కష్టమే. అందుకే ఇచ్చేది, పుచ్చుకునేది తాకకపోయినా ఎలక్ట్రాన్ చేతులు మారగలదు, ప్రోటాన్ మారాలంటే మాత్రం రెండు అణువులు హైడ్రోజన్ బంధంతో ఒకదానినొకటి పట్టుకొని ఉండక తప్పదు.

ఈ రెండు కణాల్లో ఏదీ ద్రావణంలో ఒంటరిగా తిరగదన్న సంగతి కూడా ఇక్కడ చెప్పుకోవాలి. ఎలక్ట్రాన్ల కవచం ఏదీ లేని ప్రోటాన్ పరిమాణం పరమాణువుతో పోలిస్తే లక్షవ వంతు లోపే ఉంటుంది కనుక దాని చుట్టూ విద్యుత్ క్షేత్రం అతి తీవ్రంగా ఉండి, నీటిలో పడితే ఒక్కో మోల్‌కు సుమారు 1100 కిలోజౌళ్ల శక్తిని వెలువరిస్తూ నీటి అణువులకు అతుక్కుంటుంది. ఎలక్ట్రాన్‌కు నీటిలో అలాంటి స్థిరమైన నివాసం లేదు. నీటి అణువుల మధ్య చిక్కుకున్న ఎలక్ట్రాన్ వర్ణపటాన్ని 1962లో హార్ట్, బోగ్ నమోదు చేశారు గానీ, దాని ఆయుర్దాయం మైక్రోసెకన్ల లెక్కలోనిదే.

1940లలో రేడియోధార్మిక ఐసోటోపులు విరివిగా దొరకడం మొదలయ్యాక, ఎలక్ట్రాన్ బదిలీలో అన్నిటికంటే సరళమైన చర్యను పరీక్షించడం వీలైంది. నీటిలో రెండు ధనావేశాలు గల ఇనుము అయాను తన ఎలక్ట్రాన్‌ను మూడు ధనావేశాలు గల ఇనుము అయానుకు ఇస్తే, ఫలితంగా వచ్చేవి మొదట ఉన్న అయాన్లే. బంధం ఏదీ తెగదు, శక్తిలో మార్పు లేదు, చర్య జరిగిందని చెప్పగలిగేది గుర్తు పెట్టిన రేడియోధార్మిక ఇనుము మాత్రమే. ఇంత తేలిక చర్య నిమిషాలలో కొలవగలిగేంత నెమ్మదిగా సాగడం రసాయనవేత్తలను ఆశ్చర్యపరిచింది. సాధారణ ఉష్ణోగ్రత వద్ద ఒక మోలార్ గాఢతకు లెక్కగట్టిన దాని వేగస్థిరాంకం సెకనుకు సుమారు 4 మాత్రమే. అయాన్లు ఢీకొన్న ప్రతిసారీ చర్య జరిగితే ఆ సంఖ్య కోట్లలో ఉండాలి. ఇదే మార్పిడి ఫెర్రోసయనైడు, ఫెర్రీసయనైడు అయాన్ల మధ్య ఎన్నో రెట్లు వేగంగా సాగడం ఈ చిక్కును మరింత బిగించింది.

1952లో విల్లార్డ్ లిబ్బీ దీనికి ఒక వివరణ సూచించాడు. ఎలక్ట్రాన్ దూకే సమయం అతి స్వల్పం, ఆ లోపల బరువైన కేంద్రకాలు కదలలేవు. రెండు ధనావేశాల ఇనుము చుట్టూ ఉన్న ఆరు నీటి అణువులు కాస్త దూరంగా, మూడు ధనావేశాల ఇనుము చుట్టూ ఉన్నవి సుమారు 0.13 ఆంగ్‌స్ట్రామ్ దగ్గరగా ఉంటాయి. ఎలక్ట్రాన్ ఉన్నపళంగా దూకితే కొత్త అయాన్లు రెండూ తమకు నప్పని నీటి పొరల్లో, అంటే అధిక శక్తి స్థితిలో, చిక్కుకుంటాయి. సయనైడు అయాన్లలో ఈ దూరాల తేడా తక్కువ కనుక అడ్డు కూడా తక్కువ. లిబ్బీ రాసిన ఆ వ్యాసాన్ని చదివిన రుడాల్ఫ్ మార్కస్, అప్పట్లో బ్రూక్లిన్‌లో పనిచేస్తున్నవాడు, అందులో ఒక లోపాన్ని పట్టుకున్నాడు. వెలుగు ప్రసరించని చీకటి ద్రావణంలో ఆ అధిక శక్తి ఎక్కడి నుంచి వస్తుంది? ఎలక్ట్రాన్ ముందు దూకి పరిసరాలు తర్వాత సర్దుకుంటాయంటే శక్తి నిత్యత్వ నియమం చెడుతుంది. కాబట్టి క్రమం తిరగబడాలి: ఉష్ణ చలనం వల్ల నీటి అణువులు నిరంతరం అటూ ఇటూ ఊగుతుంటాయి, ఆ ఊగిసలాటలో ఏదో ఒక క్షణాన రెండు అయాన్ల పరిసరాలూ ఎలక్ట్రాన్ ఎటు ఉన్నా శక్తి సమానంగా ఉండే అమరికకు చేరుకుంటాయి, అప్పుడే ఎలక్ట్రాన్ దూకుతుంది. 1956లో మార్కస్ ఈ ఆలోచనకు గణిత రూపమిచ్చాడు. ఎలక్ట్రాన్‌ను కదపకుండా పరిసరాలను మాత్రం పాత అమరిక నుంచి కొత్త అమరికకు మార్చడానికి కావలసిన శక్తిని పునర్వ్యవస్థీకరణ శక్తి అంటారు. చర్యలో నికర శక్తి మార్పు లేనప్పుడు దాటవలసిన అడ్డు సరిగ్గా అందులో నాలుగో వంతు.

ఆ సమీకరణంలోంచి వచ్చిన ఒక ఫలితాన్ని చాలాకాలం ఎవరూ నమ్మలేదు. చర్యకు మొగ్గు పెరిగేకొద్దీ వేగం పెరుగుతుంది, కానీ ఆ మొగ్గు పునర్వ్యవస్థీకరణ శక్తిని మించితే వేగం తిరిగి తగ్గాలి. విలోమ ప్రాంతం అని పిలిచే ఈ స్థితి ద్రావణంలో స్వేచ్ఛగా తిరిగే అణువుల్లో కనిపించకపోవడానికి కారణం, అవి ఒకదానినొకటి కలుసుకునే వేగమే పైహద్దుగా నిలిచి మిగిలిన తేడాలను కప్పివేయడం. 1984లో మిల్లర్, కాల్కాటెర్రా, క్లాస్ ఇచ్చే భాగాన్ని, పుచ్చుకునే భాగాన్ని ఒకే అణువులో స్టెరాయిడు చట్రానికి రెండు కొసలా బిగించి, దూరం మారకుండా మొగ్గును మాత్రం మారుస్తూ కొలిచినప్పుడు వేగం ఒక శిఖరానికి చేరి దిగడం స్పష్టంగా కనిపించింది. మార్కస్‌కు 1992లో నోబెల్ బహుమతి వచ్చింది. మొక్కల ఆకుల్లో వెలుతురు వల్ల వేరుపడిన ఆవేశాలు వెంటనే వెనక్కి తిరిగి కలిసిపోకపోవడానికి ఈ విలోమ ప్రాంతం కూడా తోడ్పడుతుందని భావిస్తారు.

ప్రోటాన్ విషయానికి వస్తే, నీటిలో ఆమ్ల క్షారాల కలయికను పాత పుస్తకాలు కొలవరానంత వేగవంతమైనదిగా వర్ణించి వదిలేశాయి. 1950లలో గోటింగెన్‌లో మన్‌ఫ్రెడ్ ఐగెన్, సమతాస్థితిలో ఉన్న ద్రావణాన్ని తీవ్రమైన విద్యుత్ క్షేత్రంతో క్షణంపాటు కదిపి, అది తిరిగి కుదురుకునే తీరును గమనించే పద్ధతిని రూపొందించి ఆ వేగాన్ని కొలిచాడు. హైడ్రోజన్ అయాను, హైడ్రాక్సైడు అయానుల కలయికకు వచ్చిన వేగస్థిరాంకం, ఇనుము విషయంలో వాడిన కొలమానంలోనే, సెకనుకు సుమారు 14,000 కోట్లు; నీటిలో జరిగే చర్యల్లో అత్యంత వేగవంతమైన వాటిలో ఇదొకటి. ఐగెన్‌కు 1967లో నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. ఇంత వేగానికి కారణం నీటిలో ప్రోటాన్ ప్రయాణించే ప్రత్యేకమైన తీరు. అది సోడియం అయాను కంటే దాదాపు ఏడు రెట్లు, పొటాషియం అయాను కంటే దాదాపు అయిదు రెట్లు చురుకుగా సాగుతుంది. స్లాబు పోసే చోట కూలీలు వరుసగా నిలబడి తట్టలు అందించుకున్నట్లు నీటి అణువులు ప్రోటాన్‌ను ఒకదానికొకటి అందిస్తాయి. అయితే ఇక్కడ ఒక కొసన అందుకున్న ప్రోటాన్ మరో కొసకు చేరదు. ప్రతి అణువూ వచ్చిన ప్రోటాన్‌ను తన దగ్గరే ఉంచుకొని, తనలో ఉన్న మరో ప్రోటాన్‌ను పక్కదానికి ఇస్తుంది, బంధాలు అటు నుంచి ఇటు మారితే చాలు ఆవేశం దూరం సాగుతుంది. 1806లో, హైడ్రోజన్ అయాను అన్న భావనే లేని రోజుల్లో, గ్రోథస్ అనే యువకుడు నీటిలో విద్యుత్ ప్రసారానికి ఇలాంటి గొలుసునే ఊహించడం విజ్ఞాన చరిత్రలో అరుదైన దూరదృష్టి.

ఇంతమాత్రాన ప్రోటాన్ బదిలీలన్నీ వేగవంతమనుకుంటే పొరపాటు. ఫినాల్, నైట్రోమీథేన్ అనే రెండు పదార్థాల ఆమ్లబలం దాదాపు సమానం. హైడ్రాక్సైడు అయాను ఫినాల్ నుంచి ప్రోటాన్‌ను తీసుకునే వేగస్థిరాంకం వెయ్యి కోట్లకు మించి ఉంటే, నైట్రోమీథేన్ నుంచి తీసుకునేది 30 కూడా దాటదు. ఫినాల్‌లో ప్రోటాన్ ఆక్సిజన్‌కు అంటిపెట్టుకొని ఉండి ముందే నీటితో హైడ్రోజన్ బంధంలో ఉంటుంది. నైట్రోమీథేన్‌లో అది కార్బన్‌కు ఉంటుంది, ఆ బంధం నీటిని సరిగా పట్టుకోలేదు, పైగా ప్రోటాన్ వెళ్లగానే మిగిలిన రుణావేశం కార్బన్‌ను వదిలి నైట్రో సమూహంలోని ఆక్సిజన్ల మీదికి జరగాలి, అణువు ఆకారం మారాలి, చుట్టూ ఉన్న నీరు కొత్తగా సర్దుకోవాలి. ఇనుము అయాన్ల మధ్య ఎలక్ట్రాన్‌ను ఆపిన ఇబ్బందే ఇక్కడ ప్రోటాన్‌నూ ఆపుతోంది. మార్కస్ 1960లలో తన సిద్ధాంతాన్ని ప్రోటాన్ బదిలీలకూ విస్తరించగలిగినది ఈ సారూప్యం వల్లే.

రెండు బదిలీలను వేరుచేసి గుర్తించడానికి రసాయనవేత్తకు ఒక మంచి ఆయుధం ఉంది. ప్రోటాన్‌కు బదులు, దానికి రెండింతల బరువు గల డ్యుటీరియం కేంద్రకాన్ని పెట్టి వేగం ఎంత తగ్గిందో చూడవచ్చు. ఎలక్ట్రాన్‌కు అలాంటి బరువైన కవల లేదు. సాధారణంగా ఈ తగ్గుదల ఆరేడు రెట్లకు మించదు. సోయాచిక్కుడులోని లిపాక్సిజనేజ్ అనే ఎంజైములో అది 80 రెట్ల దాకా కనబడటం, బరువైన ప్రోటాన్ కూడా టన్నెలింగ్‌తోనే దాటుతోందనడానికి బలమైన సాక్ష్యమైంది.

ఇప్పుడు పర్మాంగనేటు ప్రవర్తన అర్థమవుతుంది. మధ్యలో మాంగనీసు, చుట్టూ నాలుగు ఆక్సిజన్లు గట్టిగా బిగిసి ఉన్న ఆ అయాను రెండు ధనావేశాల మాంగనీసుగా మారాలంటే అయిదు ఎలక్ట్రాన్లతోపాటు ఎనిమిది ప్రోటాన్లు కూడా కావాలి. ఆ ప్రోటాన్లు నాలుగు ఆక్సిజన్లను నాలుగు నీటి అణువులుగా తీసుకుపోతాయి. మొదట్లో చర్యకు సులువైన దారి ఉండదు. కొద్దిగా తయారైన మాంగనీసు అయాను పర్మాంగనేటుతో చర్య జరిపి మూడవ ఆక్సీకరణ స్థితి మాంగనీసును ఇస్తుంది, అది ఆగ్జలేటుతో నేరుగా బంధం కట్టి ఎలక్ట్రాన్‌ను లాక్కుంటుంది. తన ఉత్పన్నమే తనకు ఉత్ప్రేరకమయ్యే ఈ తీరునే స్వయం ఉత్ప్రేరణ అంటారు. సల్ఫ్యూరిక్ ఆమ్లం తగినంత లేకపోతే ద్రావణం గోధుమ రంగుకు తిరిగి ప్రయోగం చెడిపోవడం విద్యార్థులందరికీ తెలిసినదే. ప్రోటాన్లు చాలక పర్మాంగనేటు మాంగనీసు డయాక్సైడు దగ్గర ఆగిపోవడమే దానికి కారణం. లెక్కలో చెప్పాలంటే, ఎనిమిది ప్రోటాన్లను అయిదు ఎలక్ట్రాన్లు పంచుకోవడం వల్ల పీహెచ్ ఒక ప్రమాణం పెరిగితే పర్మాంగనేటు పొటెన్షియల్ దాదాపు 95 మిల్లీఓల్టులు పడిపోతుంది. ఎలక్ట్రాన్ చర్య అని పేరు పెట్టినదానికి పగ్గాలు ప్రోటాన్ల చేతిలో ఉన్నాయి.

ఈ ముడి ఎంత బిగువైనదో మళ్లీ ఫినాలే చూపిస్తుంది. మామూలు ఫినాల్ ఆమ్లబలాన్ని తెలిపే పీకేఏ విలువ 10; ఆ విలువ ఎంత తగ్గితే ఆమ్లం అంత బలమైనది. అదే ఫినాల్ నుంచి ముందు ఒక ఎలక్ట్రాన్‌ను తీసివేస్తే ఆ విలువ సుమారు రుణ 2కు పడిపోతుంది, అంటే ఆమ్లబలం లక్ష కోట్ల రెట్లు పెరుగుతుంది. ఎదురు దిక్కు నుంచి చూస్తే, ముందు ప్రోటాన్‌ను తీసివేసిన ఫినాల్ తన ఎలక్ట్రాన్‌ను 0.7 ఓల్టు తక్కువకే ఇస్తుంది. పన్నెండు ప్రమాణాలను 59 మిల్లీఓల్టులతో హెచ్చిస్తే వచ్చేది ఈ అంకే. రెండు దారులూ ఒకే గమ్యానికి చేరాలి కనుక లెక్క కలవక తప్పదు. కానీ ఏ దారిలో పోయినా మధ్యలో ఒక ఖరీదైన మజిలీ ఉంది: ఒకవైపు అతి బలమైన ఆమ్లం, మరోవైపు నీరు సులువుగా ఒప్పుకోని ప్రోటాన్ విడదీత. ఎలక్ట్రాన్, ప్రోటాన్ ఒకే అడుగులో కలిసి కదిలితే ఆ మజిలీ అవసరమే ఉండదు. 1981లో థామస్ మేయర్ బృందం రుథీనియం సమ్మేళనాల్లో ఇలాంటి చర్యను వివరిస్తూ ప్రోటాన్‌తో జంటకట్టిన ఎలక్ట్రాన్ బదిలీ అనే భావనను ప్రవేశపెట్టింది.

కిరణజన్య సంయోగక్రియలో నీటిని చీల్చే ప్రోటీన్ సముదాయంలో టైరోసిన్ అనే అమైనో ఆమ్లం, ఫినాల్ వంటి తన కొస నుంచి, ఎలక్ట్రాన్‌ను ఒక దిక్కుకు దూరంగా పంపుతూనే ప్రోటాన్‌ను పక్కనే హైడ్రోజన్ బంధంలో ఉన్న హిస్టిడిన్‌కు అప్పగిస్తుంది. ఎలక్ట్రాన్‌కు పొడవైన అంగ, ప్రోటాన్‌కు పొట్టి అడుగు అన్న తేడాను జీవం ఎంత చక్కగా వాడుకుందో దీనిని మించి చూపే ఉదాహరణ దొరకడం కష్టం. జీవకణంలోని మైటోకాండ్రియాలో ఈ పొందిక మరింత విస్తారంగా కనిపిస్తుంది. ఆహారం నుంచి వచ్చిన ఎలక్ట్రాన్లు ఇనుము-గంధకం కేంద్రాల మీదుగా, హీమ్‌ల మీదుగా అంగలు వేస్తూ ఆక్సిజన్ వైపు 1.1 ఓల్టులకు పైగా దిగుతాయి. ఆ శక్తితో ఒక్కో జంట ఎలక్ట్రాన్లకు దాదాపు పది ప్రోటాన్లు, నీటి గొలుసుల గుండా, మైటోకాండ్రియా లోపలి పొరకు అవతలికి తోడబడతాయి. వెనక్కి వచ్చే ప్రోటాన్లే, కణం తన పనులకు శక్తి కోసం వాడుకునే ఏటీపీని తయారు చేయిస్తాయని 1961లో పీటర్ మిచెల్ ప్రతిపాదించినప్పుడు వచ్చిన వ్యతిరేకత సద్దుమణిగి, 1978లో ఆయనకు నోబెల్ దక్కడానికి 17 ఏళ్లు పట్టింది. ఆ ఏటీపీ అణువును 1929లో కండరాల నుంచి వేరుచేసిన వారిలో, జర్మనీలోని లోమాన్‌తోపాటు, హార్వర్డులో ఫిస్క్‌తో కలిసి పనిచేసిన భీమవరంలో పుట్టిన యెల్లాప్రగడ సుబ్బారావు కూడా ఉన్నాడన్నది తెలుగు పాఠకులు గుర్తుంచుకోదగిన సంగతి.

ఈ జంట చర్యల్లో అత్యంత సరళమైనది, ఒక ఎలక్ట్రాన్, ఒక ప్రోటాన్ లోహపు ఉపరితలం మీద కలిసి హైడ్రోజన్ పరమాణువుగా మారడం. నీటిని విద్యుత్తుతో విడగొట్టి హైడ్రోజన్ ఇంధనాన్ని తయారు చేసే ప్రతి యంత్రమూ ఈ అడుగు మీదే ఆధారపడింది. లోహం పాదరసమైతే ఈ చర్య ప్లాటినం మీద కంటే కోట్ల రెట్లు నెమ్మదిస్తుంది, ఎందుకంటే పాదరసం హైడ్రోజన్ పరమాణువును దాదాపు పట్టుకోదు. ప్లాటినం మీద కూడా ఆమ్ల ద్రావణంలో సాగే వేగం క్షార ద్రావణంలో వంద రెట్ల వరకు పడిపోతుంది. అక్కడ ప్రోటాన్‌ను ఇవ్వవలసింది హైడ్రోనియం అయాను కాక నీటి అణువే కావడం కారణమని కొందరు, ఉపరితలం దగ్గరి నీటి పొర సర్దుకోవడానికి పట్టే శక్తి కారణమని మరికొందరు వాదిస్తుండగా, ఈ వాదం తేలితే ఖరీదైన ప్లాటినాన్ని వదిలి నికెల్ వంటి చవక లోహాలతో క్షార ద్రావణంలో హైడ్రోజన్‌ను తయారు చేసే పరికరాల రూపకల్పనకు దారి సుగమమవుతుంది.